దాచడం వేరు, దొరకడం వేరు

డీబీఎంఎస్ ల్యాబ్‌లో మనం రోజూ కొట్టే కమాండ్లు నాలుగు: సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్. ఇందులో చివరి రెండూ దాదాపు వాడకుండానే నూరేళ్ళకు పైగా నడుస్తున్న డేటాబేస్ ఒకటుంది. దాన్ని చూడ్డానికి బెంగళూరు టెక్ పార్కుకు పోనక్కర్లేదు. మా తాడిపత్రిలో కూడా ఉంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు.

ఆలోచించండి. అమ్మకం దస్తావేజు ఒకసారి రిజిస్టరయ్యాక అందులో సర్వే నంబరు తప్పు పడిందని తెలిస్తే, పాత దాన్ని తెరిచి దిద్దరు. సవరణ దస్తావేజు అని ఇంకోటి కొత్తగా రాసి రిజిస్టరు చేస్తారు. రద్దు చేసుకోవాలన్నా పాతది చింపరు, రద్దు దస్తావేజు ఇంకోటి పుడుతుంది. పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది, ఏది ఎప్పుడు జరిగిందో వరస కూడా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే అపెండ్ ఓన్లీ లాగ్. బ్లాక్‌చెయిన్ మీద సెమినార్ ఇచ్చేటోళ్ళు ఒక్కసారి ఆ ఆఫీసు వరండాలో గంట సేపు కూచుంటే బాగుంటుంది!

ఈ వ్యాసం రాయడానికి కారణం మా అన్న. పెద్దమ్మ కొడుకు. ఒక కంపెనీలో డాక్యుమెంట్ ఆర్కైవ్ సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేస్తాడు. "ఏం పని అన్నా అది, ఫైళ్ళు సర్వర్లో పడేస్తే అయిపాయె కదా" అని అడిగితే నవ్వి, "పడేసేది యంత్రం చేస్తుందిరా. ముప్పై ఏళ్ళ తర్వాత ఎవడో వచ్చి అడిగితే, అదే కాగితం, మారకుండా, అడిగే హక్కు ఉన్నోడికి మాత్రమే తీసివ్వాల. ఆ మాట నిలబెట్టుకునేదే నా పని" అన్నాడు. ఆ మాటే పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ తెలిసింది ఏమంటే, ఆయన సర్వర్ గదిలో చేసే పనులన్నిటికీ మూలాలు మన రికార్డు రూముల్లో ఉన్నాయి.

జాగా అసలు సమస్యే కాదు

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇంత కాగితం దాచాలంటే ఎంత పెద్ద స్టోరేజ్ కావాలో అనుకుంటాం. లెక్క వేద్దాం. ఒక ఆఫీసులో రోజుకు 40 దస్తావేజులు, ఒక్కోటి 12 పేజీలు, ఏడాదికి 300 పని దినాలు అనుకుందాం. మొత్తం 1,44,000 పేజీలు. నలుపు తెలుపు స్కాను పేజీ 100 కేబీ చొప్పున వేసుకున్నా 14.4 జీబీ. అంటే ఏడాది రికార్డు మొత్తం మన జేబులో ఫోన్లో పడుతుంది. నలభై ఏళ్ళదైనా ఒక మామూలు హార్డ్ డిస్కులో పడుతుంది.

మరి కంపెనీలు ఓపెన్‌టెక్స్ట్, ఐబీఎం లాంటి వాళ్ళ దగ్గర ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్ ఎందుకు కొంటున్నాయి? ఎందుకంటే దాచడం వేరు, దొరకడం వేరు. బ్యాకప్ ఉంది కదా అంటారా? అది కూడా వేరే. నిన్న రాత్రి సర్వర్ ఎలా ఉందో మొత్తంగా వెనక్కి తెచ్చుకోవడానికి బ్యాకప్. 1987లో రాసిన ఒక్క కాగితాన్ని 2027లో ఒక్క మనిషి కోసం తీయడానికి ఆర్కైవ్. బ్యాకప్ పాతబడితే దాని మీదే కొత్తది రాస్తాం. ఆర్కైవ్ పాతబడే కొద్దీ విలువ పెరుగుతుంది.

1908 నాటి స్కీమా

మన దేశంలో దస్తావేజులన్నీ రిజిస్ట్రేషన్ చట్టం, 1908 ప్రకారం నడుస్తాయి. బోర్ కొడుతుందేమో అనుకుంటూ తెరిచాను. నాలుగు సెక్షన్లు చదివేసరికి ఇది చట్టంలా లేదు, సిస్టమ్ డిజైన్ డాక్యుమెంట్‌లా ఉంది అనిపించింది.

సెక్షన్ 51 ప్రకారం పుస్తకాలు వేర్వేరు. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో, రిజిస్ట్రేషన్ నిరాకరిస్తే దాని కారణాలు 2వ పుస్తకంలో, వీలునామాలు 3వ పుస్తకంలో, మిగతావి 4వ పుస్తకంలో. ఇవి మన టేబుళ్ళు. సెక్షన్ 53 ప్రకారం ప్రతి ఎంట్రీకి వరస నంబరు, ఆ వరస ఏడాదితో మొదలై ఏడాదితో ముగుస్తుంది. నంబరు, సంవత్సరం రెండూ కలిస్తేనే కీ. కాంపోజిట్ ప్రైమరీ కీ అంటే అర్థం కాని జూనియర్లకు ఇకమీద ఇదే ఉదాహరణ చెప్తాను.

సెక్షన్ 16 ఇంకా బాగుంటుంది. పుస్తకంలో పేజీలకు వరసగా నంబర్లు అచ్చు వేసి ఉండాలి, మొత్తం ఎన్ని పేజీలో మొదటి పేజీలోనే అధికారి ధ్రువీకరించాలి. ఎందుకు? మధ్యలో ఒక పేజీ చింపితే తెలిసిపోవాలి కాబట్టి. అదే సెక్షన్లో ప్రతి జిల్లా రిజిస్ట్రారు ఆఫీసుకూ నిప్పుకు తట్టుకునే పెట్టె ప్రభుత్వం ఇవ్వాలని కూడా ఉంది. 1908లోనే డిజాస్టర్ రికవరీ గురించి ఆలోచించారు.

సెక్షన్ 57 యాక్సెస్ కంట్రోల్. 1వ పుస్తకం ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు, ఎందుకంటే పొలం ఎవరిదో కొనేవాడికి తెలియాలి. 3వ పుస్తకంలో వీలునామా నకలు మాత్రం రాసిన మనిషికో, ఆయన ఏజెంటుకో తప్ప ఇవ్వరు. ఆయన చనిపోయాక అడిగినవాళ్ళకు ఇస్తారు. అంటే పర్మిషన్ ఒక సంఘటనతో మారుతుంది! మన ప్రాజెక్టుల్లో అడ్మిన్, యూజర్ అని రెండు రోల్స్ పెట్టి చేతులు దులుపుకుంటున్నాం కానీ, అసలైన ఆర్కైవ్‌లో పర్మిషన్లు ఇంత జాగ్రత్తగా ఉండాలి. ఎవరు ఏ కాగితం ఎప్పుడు చూశారో కూడా లాగ్‌లో పడాలి. అన్న చెప్పిన ప్రకారం ఆ లాగ్‌ను అడ్మిన్ కూడా చెరపలేకుండా పెట్టడం మంచి సిస్టమ్‌కు గుర్తు.

ఇక అన్నిటికంటే నాకు నచ్చింది సెక్షన్ 55. పుస్తకాలతో పాటు ఇండెక్సులు రాయాలి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండో ఇండెక్సు ఆస్తి వివరాలతో. రాసిచ్చినవాడి పేరు తెలిసినా దొరకాలి, పొలం ఎక్కడుందో తెలిసినా దొరకాలి. సెర్చ్ ఇంజన్లలో ఇన్వర్టెడ్ ఇండెక్స్ అని మనం చదివేది ఇదే. ఈసీ అంటే ఏమిటి? ఫలానా సర్వే నంబరు మీద ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా ఏమేం జరిగిందో ఆ రెండో ఇండెక్సు మీద వేసే క్వెరీ. అంతే.

ఇండెక్సు తప్పితే ఏమవుతుంది

మా అవ్వకు పుట్టింటి వైపు నుంచి వచ్చిన రెండెకరాల ముప్పై సెంట్ల మెట్ట పొలం ఉంది. అది తాడిపత్రి దగ్గర కాదు, వేరే చోట. ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం. వేరుశనగ వేయడానికి బ్యాంకులో పంట రుణం అడిగితే, ఈసీ తెమ్మన్నారు. తెస్తే అందులో 1987 నాటి దస్తావేజు లేదు! మధ్యలో ఒక లంకె తెగితే బ్యాంకు ఒప్పుకోదు. కాగితం మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది, ఆఫీసులో పుస్తకం కూడా ఉంది, కానీ సిస్టమ్‌లో వెతికితే లేదు.

మూడు సార్లు తిరిగాక తేలింది. దస్తావేజులో సర్వే నంబరు బై గీతతో రాశారు. కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు ఆ గీత ఎగిరిపోయి, రెండు అంకెలూ కలిసి వేరే నంబరైపోయింది. 214/2 అనేది 2142 అయినట్టు అనుకోండి. పెద్దాయన ఒకరు దస్తావేజు వెనక ఉన్న ముద్ర చూసి, అందులో ఉన్న నంబరు, సంవత్సరం, పుస్తకం వాల్యూము, పేజీ పట్టుకుని నేరుగా పుస్తకం తీయించాడు. చట్టం ప్రకారం ఆ ముద్ర ప్రతి దస్తావేజు మీదా ఉంటుంది. పక్కా పాయింటర్ అన్నమాట. ఇండెక్సు చెడినా పాయింటర్ పనిచేసింది.

కానీ అప్పటికి వాన పడి, విత్తనం అదను దాటిపోతోంది. మామ బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి విత్తినాడు. "బుక్కు ఉంటే ఏం లాభం నాయనా, పేజీ దొరకాల గదా" అనింది అవ్వ. అవ్వ కంప్యూటర్ సైన్స్ చదవలేదు. ఆర్కైవ్ గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు.

అనంతపురం లాంటి చోట, వాన ఎప్పుడో ఒకసారి పడే చోట, కాగితం ఒక నెల ఆలస్యం కావడం అంటే ఒక పంట పోవడం. అందుకే అడ్మిన్ మొదటి డ్యూటీ డిస్కు ఎంత నిండిందో చూడటం కాదు, ఈ రోజు ఎక్కిన డాక్యుమెంట్ల ఇండెక్సు సరిగ్గా పడిందా అని చూడటం. రోజూ ఒక యాభై కాగితాలు ఏవో కొన్ని తీసి, స్కానూ ఇండెక్సూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. సర్వే నంబరుకు ఒకే ఫార్మాట్ ఉండేట్టు ఎంట్రీ దగ్గరే ఆపాలి. పేర్లకు వేరే వేరే స్పెల్లింగులు కలిపి వెతికే ఏర్పాటు ఉండాలి. మా ఊరినే ఇంగ్లీషులో తాడిపత్రి అని, తాడ్‌పత్రి అని రకరకాలుగా రాస్తారు. వెంకటరెడ్డి ఒక మాట, వెంకట రెడ్డి రెండు మాటలు, వి. రెడ్డి ఇంకో మనిషి. కంప్యూటర్ దృష్టిలో ముగ్గురూ వేరే.

ఫ్లాపీ గురించి చట్టం

మన రాష్ట్రంలో ఈ పుస్తకాలు కంప్యూటర్‌లోకి రావడం దేశంలోనే ముందు వరసలో జరిగింది. కార్డ్ అనే ప్రాజెక్టును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబర్ 4న మొదలుపెట్టారు, 214 రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ఒకేసారి. అంతకుముందు దస్తావేజును చేత్తో పుస్తకంలోకి మళ్ళీ రాసేవాళ్ళు. ఈసీ కావాలంటే సంవత్సరాల ఇండెక్సులన్నీ తిరగేయాలి. కార్డ్ వచ్చాక కాగితాన్ని స్కాన్ చేయడం, ఇండెక్సును కంప్యూటర్‌లో వెతకడం మొదలైంది.

2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి 16ఏ అనే సెక్షన్ చేర్చారు. పుస్తకాలను కంప్యూటర్ ఫ్లాపీల్లో, డిస్కెట్లలో కూడా ఉంచొచ్చు అని. ఫ్లాపీ! మనలో ఎంతమంది ఫ్లాపీ చూశారు? సేవ్ బటన్ బొమ్మలో తప్ప నేను చూడలేదు. చట్టం ఇంకా బతికి ఉంది, అది చెప్పిన వస్తువు చచ్చిపోయింది.

ఆర్కైవ్ అడ్మిన్‌కు పెద్ద తలనొప్పి ఇదే. కాగితం చెదలు పట్టి పోతుంది, డిజిటల్ ఫైలు మాత్రం అంతా బాగున్నా చదివే యంత్రం లేక పోతుంది. ఇంగ్లండ్‌లో 1086లో రాసిన డూమ్స్‌డే బుక్ ఇప్పటికీ చదవొచ్చు. దానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ లేజర్ డిస్కుల మీద తయారుచేసిన కొత్త డూమ్స్‌డేను చదివే యంత్రాలు ఇరవై ఏళ్ళు కూడా కాకముందే అరుదైపోయి, దాన్ని కాపాడటానికి ప్రత్యేకంగా ప్రాజెక్టులు పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు కంపెనీలు వాడే ఎల్‌టీఓ టేపుల సంగతి చూడండి. ఎల్‌టీఓ-8 డ్రైవు తన తరం టేపులతో పాటు ఎల్‌టీఓ-7 మాత్రమే చదువుతుంది, ఎల్‌టీఓ-6 చదవదు. టేపు ముప్పై ఏళ్ళు ఉంటుందని డబ్బా మీద రాసున్నా, డ్రైవు అన్నేళ్ళు ఉండదు.

అందుకే మైగ్రేషన్ అనేది ఎప్పుడో ఒకసారి చేసే పని కాదు, కొన్నేళ్ళకోసారి తప్పక వచ్చే తిరునాళ్ళ లాంటిది. కొత్త మీడియాలోకి మార్చాలి, మారిన ప్రతి ఫైలూ పాత దాంతో సరిపోయిందని నిరూపించాలి, ఆ తర్వాతే పాతది తీయాలి. ఫార్మాట్ కూడా ముఖ్యం. ఫాంట్లతో సహా అన్నీ తనలోనే ఉంచుకునే పీడీఎఫ్/ఏ అనే ప్రమాణం 2005లో వచ్చింది. మన తెలుగుకు ఇది మరీ అవసరం. పాత నాన్ యూనికోడ్ ఫాంట్లలో టైపు చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఏం కనిపిస్తుందో ఈ పత్రిక డీటీపీ చేసేవాళ్ళను అడగండి.

మా ఊర్లో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊర్లో చింతల వెంకటరమణ స్వామి గుడి ఉన్నాయి. రెండూ విజయనగర కాలానివి. ఆ కాలంలో గుడికి ఎవరు ఏ భూమి ఇచ్చారో, హద్దులేంటో రాతి మీద చెక్కించేవాళ్ళు. చివర్లో దీన్ని చెరిపినవాడికి ఫలానా పాపం తగులుతుందని శాపం కూడా! రాసింది మార్చలేని స్టోరేజ్‌ను మన ఫీల్డ్‌లో వర్మ్ అంటారు. రాయి అసలైన వర్మ్. కానీ రాయికీ ఒక లోపం ఉంది. ఒక్కటే కాపీ. అందుకే ఎపిగ్రఫీ శాఖ వాళ్ళు శాసనాల మీద తడి కాగితం అద్ది, సిరా పూసి అచ్చులు తీసి, చదివి, పుస్తకాలుగా వేశారు. అదీ మైగ్రేషనే.

ఒక్క అంకె మారితే

డిజిటల్ ఫైలును ఎవరైనా నిశ్శబ్దంగా మార్చొచ్చు కదా అనే అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు హ్యాష్. ఫైలు లోపలికి వచ్చిన క్షణంలోనే ఎస్‌హెచ్‌ఏ-256 తో దానికి 64 అక్షరాల వేలిముద్ర తీసి విడిగా దాచాలి. తర్వాత రెండెకరాలను పన్నెండెకరాలు చేస్తూ ఒక్క అంకె మార్చినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. అడ్మిన్ ఆ వేలిముద్రలను తీసి దాచి ఊరుకుంటే చాలదు, వంతులవారీగా ఫైళ్ళన్నిటికీ మళ్ళీ తీసి పోల్చుతూ ఉండాలి. ఎవరూ ముట్టుకోకపోయినా డిస్కు ముసలిదై ఒక బిట్ తిరగబడొచ్చు. అప్పుడు రెండో కాపీ నుంచి బాగు చేసుకోవాలి.

ఇది కోర్టు దాకా వచ్చిన విషయం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెడితే ఇచ్చే సర్టిఫికెట్లో హ్యాష్ విలువ, ఏ అల్గారిథమ్‌తో తీశారో రాయాలి. క్రిప్టోగ్రఫీ యూనిట్ ఎగ్జామ్‌కే తప్ప ఎందుకూ పనికిరాదనేవాళ్ళు ఈ పేరా రెండోసారి చదవగలరు.

నిప్పుకు తెలియని విషయం

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ ఆఫీసులో మంటలు వచ్చి భూముల రికార్డులు కాలిపోయాయి. ప్రభుత్వం దర్యాప్తుకు ఆదేశించింది. ఎవరు, ఎందుకు అన్నది దర్యాప్తు చేసేవాళ్ళ పని. మన ప్రశ్న వేరు: ఒక గది కాలితే జనం ఎందుకు భయపడాలి? ఆ గదిలో ఉన్నదే ఒకే ఒక్క కాపీ అయితేనే కదా!

కాగితం కాబట్టి కాలింది, కంప్యూటర్ అయితే సేఫ్ అనుకోకండి. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఆఫీసు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. చాలా పెద్దది కాబట్టి బయట బ్యాకప్ పెట్టలేదన్నారు. టెక్నాలజీలో కొరియా ఎక్కడ, మనమెక్కడ? కానీ నిప్పుకు ఆ తేడా తెలియదు.

పాత సూత్రం ఒకటుంది, 3-2-1. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే ఊర్లో. నాలుగోది నేను కలుపుతాను: తీసి చూడటం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశాడు. పర్లేదు, బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, ఉండాల్సిన చోట ఖాళీ. వెర్షన్ తేడాతో బ్యాకప్ చాలా రోజులుగా ఫెయిలవుతోంది, ఫెయిలైనట్టు చెప్పే మెయిల్ ఎవరికీ చేరలేదు. వేరే కాపీ ఒకటి దొరకబట్టి ఆరు గంటల డేటాతో పోయింది. అందుకే అన్న వాళ్ళు మూడు నెలలకోసారి డ్రిల్ చేస్తారట. ఏదో ఒక పాత కాగితం పేరు చెప్పి, అసలు సర్వర్ లేదనుకుని, రెండో ఊరి కాపీ నుంచి ఎన్ని నిమిషాల్లో తీయగలరో గడియారం పెట్టి చూస్తారు.

అన్నీ దాచకూడదు కూడా

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఆర్కైవ్ అంటే అన్నీ ఎప్పటికీ దాచడం కాదు. మా ఊరి బండల వ్యాపారి జీఎస్టీ బిల్లులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కంపెనీ అయితే లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. పొలం దస్తావేజుల పుస్తకాలు శాశ్వతం. ప్రతి రకానికీ ఒక ఆయుష్షు రాసి పెట్టి, గడువు తీరాక పద్ధతిగా తీసేయాలి. 2023 డేటా రక్షణ చట్టం కూడా అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని తీసేయమనే చెప్తుంది. కానీ ఆ కాగితం మీద కోర్టు కేసు నడుస్తుంటే, గడువు తీరినా ముట్టుకోకూడదు. దాన్ని హోల్డ్‌లో పెట్టాలి. ఈ రెండింటి మధ్య అడ్మిన్ నిలబడాలి.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు

మనలో చాలామంది ఇళ్ళల్లో ఒక ట్రంకు పెట్టో, బీరువా పై అరో ఉంటుంది. ఈ సెలవుల్లో మీరే మీ ఇంటికి ఆర్కైవ్ అడ్మిన్ అవ్వండి. ఒక గంట పని.

పొలం, ఇల్లు దస్తావేజులు తీసి, ఒక్కోదానికి ఐదు సంగతులు ఒక నోటుబుక్కులో రాయండి: దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, సర్వే నంబరు బై గీతతో సహా, హద్దులు. అసలు కాగితాలను లామినేషన్ మాత్రం చేయించకండి, మళ్ళీ ఊడదీయలేరు. ఫోన్‌తో కాకుండా స్కానర్‌తో స్కాన్ చేయించి, ఒక కాపీ వేరే ఊర్లో ఉన్న అక్క దగ్గరో బాబాయి దగ్గరో పెట్టండి. ఆ తర్వాత ఈసీ తీయించి, నోటుబుక్కులో ఉన్నవన్నీ అందులో ఉన్నాయా అని ఒక్కొక్కటే టిక్కు పెట్టండి. ఏదైనా కనిపించకపోతే ఇప్పుడే, తొందర లేని వేసవిలోనే, దస్తావేజు వెనక ముద్ర చూపించి సరిచేయమని అర్జీ పెట్టండి. విత్తనాల అదనులో బ్యాంకు ముందు నిలబడి ఆ పని చేయాలంటే చాలా కష్టం.

మా అవ్వ పొలం నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. రెండో కాపీ అన్న దగ్గర హైదరాబాద్‌లో ఉంది.